సంత ఆశీలు ఎవరి గుత్త?



'గుత్తాధిపత్యము' అన్న మాటను మొదట ఎవరు కూర్చారో గాని, వ్యాకరణం చదువుకున్నవాడికి అది కంట్లో నలుసే. గుత్త దేశ్యం, ఆధిపత్యం తత్సమం. రెంటినీ సవర్ణదీర్ఘంతో అతికిస్తే వైరిసమాసం కాక మరేమవుతుంది? తరగతిలో పిల్లలు ఇటువంటిది రాస్తే ఎర్రసిరాతో గీత గీసేవాణ్ణి. అయినప్పటికీ, గూగుల్ సంస్థపై అమెరికాలోను, ఐరోపాలోను, మన ఢిల్లీలోను కొన్నేళ్ళుగా వెలువడిన తీర్పులను గూర్చి చదువుతూ ఉంటే, సమాసం దుష్టమే గాని భావం ఎంత గురిగా తగిలిందో కదా అనిపిస్తున్నది. మోనోపలీ అన్న ఆంగ్లపదానికి గ్రీకు మూలంలో 'ఒక్కడే అమ్మేవాడు' అని అర్థం. మన గుత్త అది కాదు. ఒక హక్కుకు మొత్తం సొమ్ము ముందుగా కట్టి, ఇంకెవ్వరికీ దక్కకుండా దానిని పుచ్చుకోవడం గుత్త.

సంత ఆశీలు ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పంచాయతీవారు వేలం వేస్తారు. పాడుకున్నవాడు ఏడాది సొమ్ము కట్టి, సంతలోకి వచ్చే దారిలో తాడు కట్టుకుని కూర్చుంటాడు. ఇక బుట్టకింత, బండికింత, మేకకింత. అతనికి సంతలో ఒక్క కొట్టూ ఉండనక్కరలేదు, ఒక్క వంకాయా పండించనక్కరలేదు. దారి అతనిది, అంతే!

2020 అక్టోబరు 20న అమెరికా న్యాయశాఖ, కొన్ని రాష్ట్రాలు కలిసి వాషింగ్టన్ కోర్టులో వేసిన దావా సరిగ్గా ఈ తాడును గూర్చినదే. 2023 సెప్టెంబరులో విచారణ మొదలైంది. 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా (గుజరాత్‌లోని పాటణ్‌లో పుట్టినవారు) 270 పైచిలుకు పుటల తీర్పు ఇచ్చారు. గూగుల్ గుత్తాధిపతి అనీ, ఆ ఆధిపత్యాన్ని నిలుపుకోవడానికి 1890 నాటి షెర్మన్ చట్టాన్ని ఉల్లంఘించిందనీ తేల్చారు. ఉల్లంఘన ఏమిటయ్యా అంటే, ఫోను కొన్నవాడు, బ్రౌజరు తెరచినవాడు మొట్టమొదట చూచే వెదుకుడు పెట్టె తనదే అయి ఉండాలని, ఆ ఫోనులు చేసేవారికీ, బ్రౌజరులు నడిపేవారికీ, మొబైలు కంపెనీలకూ సొమ్ము చెల్లించి కట్టడి ఒప్పందాలు రాయించుకోవడం. ఆ సొమ్ము 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు. ఆపిల్ సంస్థకు 2022లో ముట్టినదే 2,000 కోట్ల డాలర్లు. సఫారి బ్రౌజరులో జరిగే వెదుకులాటపై వచ్చే ప్రకటనల రాబడిలో 36 శాతం ఆపిల్ వాటా అన్న సంగతి కూడా ఈ విచారణలోనే బయటపడింది.

ఇక్కడ ఒక పిట్టకథ. మనవాళ్ళు సాఫ్ట్‌వేరును తెలుగు చేసినప్పుడు 'డిఫాల్ట్'కు 'అప్రమేయం' అన్న మాట వాడారు. అప్రమేయుడు అంటే ఏ ప్రమాణానికీ అందనివాడు, విష్ణుసహస్రనామాలలోని ఒక నామం. 'మన ప్రమేయం లేకుండా ఉండేది' అన్న భావంతో అనువాదకులు దాన్ని ఇలా దించారు కాబోలు. పోనిండి. వాషింగ్టన్ కోర్టులో తేలినదేమిటంటే, ఈ అప్రమేయం వెనుక చాలా ప్రమేయమే ఉన్నది. అప్రమేయునికి వెల కట్టలేము గాని, ఈ అప్రమేయానికి కట్టారు!

మా వీధిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే యువకుడొకడు, చురుకైనవాడే, ఈ మాట ఎత్తగానే నాతో వాదానికి దిగాడు. "మాస్టారూ, ఎవరు బలవంతపెట్టారండీ మిమ్మల్ని? సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చేసుకోవచ్చు. పోటీ ఒక్క క్లిక్కు దూరంలో ఉంది. మంచిది కాబట్టే అందరూ వాడుతున్నారు. గెలిచినవాడిని గెలిచినందుకు శిక్షిస్తారా?" అన్నాడు. అతడొక్కడే కాదు, ఈ వాదం చదువుకున్న తెలుగువారిలో నూటికి తొంబై మంది నోట వింటున్నాను. అందుకే ఈ వ్యాసం.

మొదటి మాట. మంచిది అన్నమాట నిజమే. న్యాయమూర్తి మెహతా కూడా కాదనలేదు. నాణ్యమైన శోధనయంత్రమని, మంచి ఇంజనీర్లను పెట్టుకుని ఎదిగినదని తీర్పులోనే ఒప్పుకున్నారు. ఈ వ్యాసానికి కావలసిన కాగితాలు నాకు వెదకిపెట్టినది కూడా ఆ యంత్రమే. కాని బాబూ, జనం తమంతట తామే పరుగెత్తుకుని వచ్చేటట్లయితే, వారిని తెచ్చి నిలబెట్టినందుకు ఏడాదికి 2,630 కోట్ల డాలర్లు ఎందుకు ఇస్తున్నట్లు? గుడిలో దేవుడికి మహిమ ఉంటే ఊరి బస్సులన్నిటినీ కొని గుడి ముందే ఆపించే పని ధర్మకర్తలకు ఉండదు గదా! సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చుకునేవారు బహు కొద్దిమంది అన్న ఎరుక లేకుండా వ్యాపారులెవ్వరూ అంత సొమ్ము కుమ్మరించరు. 'ఒక్క క్లిక్కు' అన్నమాటకు విలువ ఎంతో తెలియాలంటే ఆ క్లిక్కు జరగకుండా ఉండడానికి ఎంత ఇచ్చారో చూడాలి.

రెండవ మాట. ఆ మంచితనం ఎక్కడినుంచి వచ్చింది? వెదికేవారు ఎంత ఎక్కువైతే యంత్రం అంత నేర్చుకుంటుంది. ఎవరు ఏ పదం కొట్టారు, ఏ లంకె నొక్కారు, ఎంతసేపట్లో వెనుదిరిగి వచ్చారు అన్నవన్నీ దానికి పాఠాలు. అమెరికాలో 2020 నాటికి సాధారణ శోధనలో గూగుల్ వాటా 89.2 శాతం, మొబైళ్ళలో 94.9 శాతం అని తీర్పులో ఉన్నది. నూరు మంది విద్యార్థులలో తొంబై మందిని ఒక్క బడికే పంపే ఏర్పాటు చేసి, ఆ బడికే మంచి ఫలితాలు వస్తున్నాయి చూడండి అంటే, రెండవ బడి పంతులు ఏమి చెప్పాలి? పిల్లలు లేనిదే పాఠం లేదు, పాఠం లేనిదే పిల్లలు రారు. నలభై ఏళ్ళ క్రితం చిన్న ఊళ్ళలో బడులు ఎలా మూతపడ్డాయో చూచినవాడిని, ఈ చక్రం నాకు కొత్త కాదు.

మూడవది అన్నిటికన్న ముఖ్యం. మా యువకుడు దీనికి మాత్రం జవాబు చెప్పలేదు. 2020లో ఆ సంస్థవారే ఒక పరీక్ష చేసుకున్నారు. శోధన నాణ్యతను బాగా తగ్గిస్తే రాబడి ఎంత పోతుంది అని. పోదు అని తేలింది! ఇది ఎదుటిపక్షంవారి ఆరోపణ కాదు, తీర్పులో న్యాయమూర్తి రాసిన సంగతి. ప్రకటనల ధరల విషయమూ అంతే. ప్రకటనలకు క్షణక్షణం జరిగే వేలంపాటలో మీటలు తిప్పి ధరను అయిదు శాతం, కొన్ని శోధనలపై పది శాతం దాకా, ప్రకటనదారులకు చెప్పకుండానే పెంచినట్లు 2023 సెప్టెంబరులో ఆ సంస్థ అధికారియే సాక్ష్యమిచ్చాడు. సరుకు చెడగొట్టినా గిరాకీ తగ్గదు, ధర పెంచినా కొనేవాడు కదలడు. ఇది ఏ పోటీలో సాధ్యం? సంతలో తాడు కట్టుకుని కూర్చున్నవాడికి తప్ప?

"మాకు ఉచితమే కదా" అన్న మాట ఒకటి మిగిలింది. సంస్కృతంలో ఉచితం అంటే తగినది. తెలుగులో దానికి 'వెల లేనిది' అన్న అర్థం కూడా చేరింది. ప్రకటనకు అయిదు శాతం ఎక్కువ కట్టిన చెప్పుల కొట్టువాడు ఆ సొమ్మును చెప్పుల ధరలో కలుపుతాడు. శోధన ఉచితమే, చెప్పులు మాత్రం కావు.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కావాలంటే పెళ్ళి సంబంధాల వ్యవహారమే ఉన్నది. తెలుగు మాట్రిమనీ పేరుతో సంబంధాలు చూపే చెన్నై సంస్థ, తన పేరు కొట్టి వెదికినవారికి పోటీదారుల ప్రకటనలు చూపిస్తున్నారని మద్రాసు హైకోర్టుకు ఎక్కింది. అంటే ఏమిటి? తన పేరుతో తనను వెదుక్కుంటూ వచ్చిన పెళ్ళివారిని తన గుమ్మానికి చేర్చుకోవడానికి కూడా పాట పాడాలి. లేకపోతే పక్కింటివాడు పాడుకుంటాడు. 2012లో ఆ సంస్థ, వినియోగదారుల పక్షాన పనిచేసే కట్స్ అన్న సంస్థ మన కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదులు పెట్టాయి. 2018 ఫిబ్రవరి 8న తీర్పు వచ్చింది. శోధన ఫలితాలలో తన సేవలను ముందు నిలబెట్టుకోవడం వంటి కొన్ని విషయాలలో గూగుల్‌ది తప్పని తేల్చి 135.86 కోట్ల రూపాయల జుల్మానా వేసింది. ఇద్దరు సభ్యులు విభేదించారు. ప్రకటనల పదాల వేలం విషయంలో మాత్రం కమిషన్‌కు దోషం కనిపించలేదు. నాకు కనిపిస్తున్నది. ఒకని పేరును మరొకనికి వేలం వేసే హక్కు ఎవరికైనా ఎలా వస్తుందో నా చదువుకు అందలేదు. ఇక ఆ జుల్మానా! 2018లో ఆల్ఫాబెట్ (గూగుల్ మాతృసంస్థ) రాబడి 13,680 కోట్ల డాలర్లు. నేను లెక్కల మాస్టారిని కాను గాని భాగహారం వచ్చు. ఆ జుల్మానా వారికి సుమారు గంటన్నర రాబడి. ఆరేళ్ళ విచారణ, గంటన్నర శిక్ష.

ప్రకటనల బజారులోని మరొక వ్యవహారం దీనికన్న లోతైనది. గుంటూరు మిర్చి యార్డును ఊహించుకోండి. రైతు తరఫున కమీషన్ ఏజెంటు ఒకడు, కొనేవాడి తరఫున మరొకడు, నడుమ యార్డు. రైతు ఏజెంటు ధర పెరగాలని చూస్తాడు, కొనేవాడి మనిషి తగ్గాలని చూస్తాడు, యార్డువారు కాటా సరిగా ఉన్నదా అని చూడాలి. ఈ ముగ్గురూ ఒకే మనిషి అయితే? పత్రికల జాలస్థలాలలో ఖాళీ జాగాను అమ్మిపెట్టే సాధనం గూగుల్‌ది. ప్రకటనదారులు కొనే సాధనమూ వారిదే. నడుమ వేలం జరిగే అంగడి కూడా వారిదే, అక్కడ తీసే రుసుము దాదాపు 20 శాతం. ఈ మాట నేను కల్పించినది కాదు. ఆ సంస్థ ఉద్యోగి ఒకరే, ఇది పెద్ద బ్యాంకు ఒకటి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిని సొంతం చేసుకున్నట్లు లేదా అని లోపలి లేఖలో శంకించినట్లు న్యాయశాఖ 2023 జనవరి నాటి దావాలో చూపించింది. వర్జీనియాలో న్యాయమూర్తి లియొనీ బ్రింకెమా 2025 ఏప్రిల్ 17న తీర్పు చెప్పారు. అమ్మిపెట్టే సాధనంలోను, వేలం అంగడిలోను గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం సాగించిందనీ, ఒకదానికి మరొకదాన్ని ముడివేసిందనీ. కొనుగోలు పక్షానికి సంబంధించిన ఆరోపణ నిలువలేదు. ఇందులో వింత ఏమిటంటే, ఆ అమ్మకపు సాధనాన్ని గూగుల్ స్వయంగా కనిపెట్టలేదు. డబుల్‌క్లిక్ అన్న సంస్థను 310 కోట్ల డాలర్లకు కొన్నది. 2007, 2008లలో అమెరికావారూ ఐరోపావారూ ఆ కాగితాలు చూచి, ముద్ర వేసి పంపినవారే! కూతురినిచ్చి పెళ్ళిచేసి పదహారేళ్ళ తరువాత వరుడి గోత్రం విచారించినట్లున్నది.

ఈ తీర్పులలో నన్ను అన్నిటికన్న కలచివేసినది డబ్బు కాదు. ఉద్యోగులు తమలో తాము రాసుకునే సంభాషణలు ఇరవై నాలుగు గంటలలో తుడిచిపెట్టుకుపోయే ఏర్పాటు ఉండేది. దావా పడబోతున్నదని తెలిసిన తరువాత కూడా ఆ ఏర్పాటు సాగింది. లోకంలోని ప్రతి మనిషీ ఏమి వెదికాడో దాచుకునే సంస్థ, తాను మాట్లాడిన మాటలను మాత్రం పొద్దుగుంకేలోగా చెరిపివేస్తుంది! పరీక్షలో పిల్లవాడు కాగితం నమిలి మింగితే బడినుంచి పంపివేస్తాము. ఇక్కడ ఇద్దరు న్యాయమూర్తులూ మందలించారు గాని, దానికి ప్రత్యేకంగా శిక్ష వేయలేదు.

ఈ సందర్భంలో 'మనవాడు' అన్న ముచ్చట ఒకటి చెప్పాలి. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ గూగుల్‌కు వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చారు. హైదరాబాదులో పుట్టినవారు గనుక మనకు ఒళ్ళు పులకరించడం సహజం. అంతర్జాలం అందరిదీ అంటారు గాని నిజానికది గూగుల్ జాలమే అన్న ధోరణిలో మాట్లాడారు. ఆపిల్ ఫోనులలో బింగ్‌కు ఆ మొదటి చోటు దక్కించుకోవడానికి ఏడాదికి 1,500 కోట్ల డాలర్ల దాకా నష్టపోవడానికి సిద్ధపడ్డామని చెప్పారు. సాక్ష్యం విలువైనదే. కాని ఆ మాటకు అర్థమేమి? ఆశీలు గుత్త ఉండకూడదని కాదు, తనకు దక్కలేదని! 1998లో ఇదే మైక్రోసాఫ్ట్ మీద ఇదే న్యాయశాఖ దావా వేసింది. 2001లో అప్పీలు కోర్టు చెప్పిన న్యాయసూత్రాల మీదనే మెహతా తన తీర్పును నిలబెట్టారు. పాత గుత్తదారుడు కొత్త గుత్తదారునిపై సాక్ష్యం చెప్పినప్పుడు సంతకు వచ్చిన రైతు చప్పట్లు కొట్టనక్కరలేదు.

సరే, దోషం తేలింది. పరిహారమేమిటి? 2025 సెప్టెంబరు 2న మెహతా ఇచ్చిన రెండవ తీర్పు చదివి నేను కాగితాలు బల్లమీద పెట్టి కాసేపు ఊరక కూర్చున్నాను. క్రోమ్ బ్రౌజరును అమ్మివేయాలన్న న్యాయశాఖ కోరికను తోసిపుచ్చారు. సొమ్ము చెల్లించడం మానాలన్న కోరికనూ తోసిపుచ్చారు. అది ఆగిపోతే పుచ్చుకునేవారు, ముఖ్యంగా మొజిల్లా వంటివారు, దెబ్బతింటారట. కట్టడి ఒప్పందాలు మాత్రం కూడవు, కొంత శోధన సమాచారాన్ని అర్హులైన పోటీదారులతో పంచుకోవాలి, ఆరేళ్ళు పర్యవేక్షణ. కృత్రిమ మేధ వచ్చి పోటీ మారిపోయినదన్న భావం తీర్పు అంతటా కనిపిస్తుంది. అంటే సంతదారిలో తాడు కట్టడం నేరమే, గుత్త సొమ్ము ఇవ్వడం మాత్రం కొనసాగించవచ్చు, ఎందుకంటే దానికి పంచాయతీవారు అలవాటు పడ్డారు! ఇంతమాత్రానికే సంస్థ 2026 జనవరిలో అప్పీలుకు వెళ్ళింది. న్యాయమూర్తి జాగ్రత్తపరుడు, సందేహం లేదు. కాని పదేళ్ళ దోషానికి ఇంత మెత్తని మందు వేస్తే రోగం నవ్వుకుంటుంది.

ఐరోపావారు అదిలింపులో గట్టివారు, వేగంలో వారూ మనవంటివారే. ఇంగ్లండులో ఒక దంపతులు ఫౌండెం అన్న ధరల పోలిక స్థలాన్ని 2006లో పెట్టారు. శోధనలో అది ఎక్కడో అడుగుకు పోయింది. 2009లో ఐరోపా కమిషన్‌కు మొరపెట్టుకున్నారు. 2017లో 242 కోట్ల యూరోల జుల్మానా పడింది. ఆ తీర్పును పై కోర్టు చిట్టచివరకు ఖాయం చేసినది 2024 సెప్టెంబరు 10న. మొరపెట్టుకున్నవారి అంగడి 2016లోనే మూతపడింది. పదిహేనేళ్ళు పోరాడి గెలిచినవారికి దక్కినది గెలిచామన్న కాగితం. ఆ తరువాత ఎనిమిది రోజులకే, 2019 నాటి 149 కోట్ల యూరోల ప్రకటనల జుల్మానాను అక్కడి మరొక కోర్టు కొట్టివేసింది కూడా.

ఇప్పుడు మన సంగతి. శోధన ఫలితాలకు పైన కృత్రిమ మేధ అల్లిన జవాబు కనిపిస్తున్న కాలమిది. ఒక పద్యంలోని కఠినపదానికి అర్థం కావాలంటే ఆంధ్రభారతి నిఘంటువు తెరుస్తాము. ఒక కవిని గూర్చి కావాలంటే 1998 నుంచి వస్తున్న ఈమాట పత్రిక పాత సంచికలు వెదుకుతాము, తెలుగు వికీపీడియా చూస్తాము. ఇవన్నీ జీతం పుచ్చుకోని చేతులు కష్టపడి కట్టిన ఇళ్ళు. వాటి సారం పిండి, అర్థాన్ని గుమ్మంలోనే చెప్పి పంపేస్తే, లోపలికి వచ్చేదెవరు? తప్పు అర్థం చెప్పినప్పుడు దిద్దేదెవరు? ప్రకటనల మీద బతికే పెద్ద పత్రికలు కోర్టుకు పోగలవు. 2025 డిసెంబరులో ఐరోపా కమిషన్ ఈ విషయంపైనే విచారణ మొదలుపెట్టింది. మన చిన్న జాలస్థలాలకు వకీలు ఎవరు? గూగుల్ ప్రకటనల పథకంలో తెలుగుకు చోటు దక్కినదే 2018లో. హిందీకి 2014లోనే దక్కింది. తెలుగులో రాసేవాడికి రూపాయి పుట్టే దారి అంత ఆలస్యంగా తెరచుకున్నది. అది తెరచుకున్న కొన్నేళ్ళకే పాఠకుడు ఇంటిదాకా రాకుండానే వెనుదిరిగే రోజులు వచ్చాయి.

నేను కోరుతున్నది పెద్దదేమీ కాదు. శోధనయంత్రాన్ని ముక్కలు చేయమనడం లేదు. ఫోను తెరవగానే ఏ యంత్రం కావాలో మనిషిని అడగాలి, తెలుగులో అడగాలి. రాసినవాడు తన రాతను కృత్రిమ మేధకు ఇవ్వను అంటే, ఆ కోపంతో అతడిని శోధనలోంచి తప్పించకూడదు. వేలంపాటలో ధర ఎలా తేలిందో పాడినవాడికి చెప్పాలి. వీటికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. 2002 నాటి పోటీ చట్టంలోని నాలుగవ సెక్షన్‌లో ఆధిపత్య దుర్వినియోగాన్ని అరికట్టే అధికారం ఉన్నది. 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ వ్యవహారంలో కమిషన్ 1,337.76 కోట్ల జుల్మానాతో పాటు నడవడి మార్చుకొమ్మని ఆదేశాలూ ఇచ్చినది ఆ సెక్షన్ కిందనే. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను తీసివేసినా జుల్మానాను ఉంచింది. కాబట్టి చేయి లేదనడానికి వీల్లేదు. కదలిక లేదు.

ఈనాడు సభ్యత్వం ఉన్న డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్, వార్తల మీద వచ్చే ప్రకటనల రాబడిలో తమకు ఎంత ఇస్తున్నదీ, ఏ లెక్కన ఇస్తున్నదీ గూగుల్ చెప్పడం లేదని కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. కమిషన్ అందులో ప్రాథమికంగా బలమున్నదని చెప్పి, 2022 జనవరి 7న దర్యాప్తుకు ఆదేశించింది. 2025 ఆగస్టులో ప్రకటనల బజారు మీద వచ్చిన మరొక ఫిర్యాదును కూడా, నడుస్తున్న ఆ దర్యాప్తులోనే కలిపింది. మొదటి ఆదేశంలో దర్యాప్తు నివేదికకు పెట్టిన గడువు 60 రోజులు.